సెలింగ్ పేరున్న తుఫాను

క్వెజోన్ సిటీ
ఆగస్టు, ఆదివారం

దులో అన్నయ్యకి, లుమెన్ వదినకి,

నువ్వు బస్సు డ్రైవరు చేత పంపిన పిలి గింజల డబ్బా అందింది అన్నయ్యా. సగం మా ఆఫీసు వాళ్లే లాగేసుకున్నారు. మీ కొండ బూడిద కక్కుతుంటే మీ అన్నకి గింజలు వలిచే తీరిక ఎలా దొరికిందమ్మా అని అడిగారు. మాయోన్ అగ్నికొండ వచ్చి నెత్తిన కూర్చున్నా మా అన్న ముందు పళ్లెంలో మిరపకాయ ఉందో లేదో చూసుకుంటాడని చెప్పాను.

కొండ సంగతి చూసేది వేరే ఆఫీసు, గాలీవానా చూసేది మేము. కొండ చల్లబడిందని వాళ్లు చెప్పారు, మీరు శిబిరం ఖాళీ చేసి ఇళ్లకి చేరారు. సంతోషమే. కానీ నన్ను పీకుతున్నది ఆ రెంటి మధ్య ఉంది. పైవాలంతా కొత్త బూడిద పేరుకుని ఉంది. గట్టి వాన పడితే అది సిమెంటు కలిపినట్టు కలిసి, బండల్ని మోసుకుంటూ ఏట్లోకి దిగుతుంది. మన ఇల్లు ఏటికి ఆనుకునే ఉంది కదా. వానాకాలం పోయేదాకా వదిన పుట్టింట్లో ఉండొచ్చు కదా అంటే నువ్వు వినవు, నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

ఇక సెలింగ్‌కి అసలు వార్త. ఈ ఏడాది తుఫాన్ల పేర్ల జాబితాలో తన పేరుంది. పిల్లకి అయిదేళ్లప్పుడు, తుఫాన్లకి పేర్లు పంపండి అని దేశమంతా పోటీ పెడితే, నువ్వు మార్సెలీనా అని పూర్తిగా కూడా రాయకుండా ముద్దుపేరే కార్డు మీద గీకి పడేశావు. అది నెగ్గింది. నాలుగేళ్లకోసారి ఆ జాబితా తిరిగొస్తుంది, పేర్లు ఏ అక్షరం నుంచి వరసగా పడతాయి. పోయినసారి ఏడాదంతా గడిచినా తుఫాన్లు పి అక్షరం దాటలేదని మీ కూతురు క్రిస్మస్ పూట మూతి ముడుచుకుంది. ఈసారి ఇప్పటికే హెచ్ దాటాం. ఎస్ దాకా వెళ్లేలాగే ఉంది.

రేడియో వాళ్లు ఫోను చేసినప్పుడు మన బికోల్ ప్రాంతానికి తుఫాను సూచన చదివేది నేనే కాబట్టి, నా మేనకోడలి పేరు నా నోటితో చదవాలని నాకూ ఉంది. సముద్రం మీదే తిరిగి సముద్రం మీదే పోయే చిన్న తుఫాను ఐతే బాగుండు.

మీ ఇసింగ్

*

సాలోగన్
సెప్టెంబరు

చెల్లీ ఇసింగ్,

నీ ఉత్తరం సెలింగ్ బడికి పట్టుకుపోయి నలిపి తెచ్చింది. అందరికీ చూపించిందట. క్లాసులో ఒకడున్నాడు, పెద్ద నోరు. "నీ పేరున్న తుఫాను రాదులే, వచ్చినా నాలుగు చినుకులు రాల్చి పోతుంది" అన్నాడట. ఇది వాడి లంచ్ డబ్బా తీసి బురదలో పడేసింది. టీచరు నన్ను పిలిపించారు. "మీ అమ్మాయి ఇప్పటికే తుఫానండీ, వేరే ఎందుకు" అన్నారు. నవ్వు ఆపుకోలేక నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

తుఫాను పోయినప్పుడల్లా వంటింటి గోడ మీద బొగ్గుతో దాని అక్షరం రాస్తోంది. రాత్రి ప్రార్థనలో కూడా మొదలెట్టింది. లుమెన్ విని చెవి మెలిపెట్టింది. "తుఫాను రావాలని దేవుణ్ణి అడుగుతావటే, నీ నోరు పడ." ఇదేమందో తెలుసా? "చిన్నదే అడిగానమ్మా. బడికి సెలవిచ్చేంతదే."

బూడిద గురించి రాశావు. నిజమే, అబాకా నార తోటలో ఆకు దులిపితే ఇప్పటికీ కళ్లలో పడుతోంది. నార తీస్తుంటే కత్తి మొద్దుబారిపోతోంది. అయినా నువ్వు భయపడకు. మాకు నీ అంత చదువు లేదు గానీ పద్ధతి ఉంది. రేడియోలో తుఫాను సిగ్నల్ నంబరు వేశారంటే చాపలు చుట్టుకుని బడికి పోతాం. తీశారన్నా తగ్గించారన్నా ఇంటికొస్తాం. నీ నంబరే మాకు గంట. మోగితే లేస్తాం, ఆగితే పడుకుంటాం. ఇంతకంటే జాగ్రత్త ఇంకెవడు పడతాడు చెప్పు?

పెళ్లి ఊసు ఎత్తొద్దన్నావు కాబట్టి ఎత్తడం లేదు. ఎత్తలేదని గుర్తు పెట్టుకో.

దులో

అత్తా, నేను సెలింగ్. నా తుఫాను వచ్చినప్పుడు మెల్లగా చదవండి. పోయినసారి మీరు గబగబా చదివేశారు, సగం అర్థం కాలేదు. టీచర్ గారు రేడియో తెస్తానన్నారు. అందరం వింటాం.

*

క్వెజోన్ సిటీ
నవంబరు, రాత్రి డ్యూటీకి ముందు

అన్నయ్యా,

నాలుగు ముక్కలే. ఆర్ అక్షరం తుఫాను నిన్న చైనా వైపు పోయింది. తూర్పున సముద్రం మీద ఇంకో మబ్బుగుట్ట గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. అది మన హద్దులోకి వచ్చిన పూట దానికి పేరు పడుతుంది. ఏ పేరో సెలింగ్‌కి చెప్పక్కర్లేదు.

చిన్నది అవుతుందని మాత్రం అనుకోను. పటం మీద దాన్ని చూస్తుంటే నాకు పిల్ల ముఖం గుర్తొచ్చి నవ్వొస్తోంది, మళ్లీ నవ్వినందుకు భయమేస్తోంది. సిగ్నల్ పడగానే వెళ్లిపోండి. పడేదాకా కూడా ఆగకండి. మెల్లగా చదువుతానని పిల్లకి చెప్పు.

ఇసింగ్

*

క్వెజోన్ సిటీ
డిసెంబరు

అన్నయ్యా,

బస్సు దిగి గదికి వచ్చాను. చెప్పులకి ఇంకా మన ఏటి బూడిద ఉంది, కడగలేదు.

మన పిల్ల సెలింగ్ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థన జరుగుతుంటే నీ పక్కనే కూర్చున్నాను. నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వదిన నా చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది, ఆమె చేయి నా చేతికి తగలకుండా పెట్టింది. మీ ఇద్దరి మీదా నాకు కోపం లేదు. కోపం తెచ్చుకునే హక్కు నాకెక్కడిది?

నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం సూచన రాసింది నేనే, చదివిందీ నేనే. తుఫాను కన్ను మిమ్మల్ని దాటిపోయింది, గాలి తగ్గింది. సిగ్నల్ గాలికి వేసేది. గాలి తగ్గితే తగ్గించాలి. మూడో నంబరు తీసి ఒకటో నంబరు చేశాను. కొండ మీద వాన ఆగలేదు, ఏటి దగ్గరికి పోవద్దు అని ఆ కిందనే చదివాను. అప్పటికి బడిలో ఎవరూ వినడం లేదని నువ్వు ఫాదర్ గారితో అంటుంటే విన్నాను. చాపలు చుడుతున్నారట. గంట ఆగింది కదా.

ఆ గంట మాట నువ్వు సెప్టెంబరులో రాసినప్పుడు చదివి నవ్వుకున్నాను. సిగ్నల్ గాలికే, వానకి కాదు అని ఒక్క వాక్యం తిరిగి రాయాల్సింది. రాయలేదు.

నన్ను తిట్టు. తిట్టడానికైనా ఉత్తరం రాయి.

ఇసింగ్

*

శిబిరం, మూడో వరుస డేరాలు
జనవరి

ఇసింగ్,

తిట్టను. తిడదామని మూడుసార్లు కూర్చున్నాను. గాలి తగ్గింది, నువ్వు గాలి తగ్గిందనే రాశావు. తప్పేమీ రాయలేదు. అదే నాకు మింగుడుపడడం లేదు. తప్పు రాసి ఉంటే నీ మీద విరుచుకుపడేవాణ్ణి, నా గుండె కొంచెం ఖాళీ అయ్యేది.

ఎలా జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. బడిలో గదికి పది కుటుంబాలు ఉన్నాం. మరుగుదొడ్డి కంపు, పిల్లల ఏడుపు. సిగ్నల్ తగ్గిందనగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. లుమెన్ పక్కూరి ముసలామెకి జ్వరమని ఆగింది. నేను చాపలు, గిన్నెలు మూటగడుతున్నాను. సెలింగ్ తాళంచెవి అడిగింది. "నాన్నా, నేను ముందెళ్లి పొయ్యి వెలిగిస్తా. నా తుఫాను మన ఇంటినేం చేసిందో చూస్తా" అంది. ఇచ్చాను. తన స్నేహితురాళ్లతో కలిసి పరిగెత్తింది. ముఖంలో ఎంత గర్వమనుకున్నావు. ఊళ్లో పెద్దవాళ్లంతా పొద్దున్నించీ దాని పేరే పలుకుతున్నారాయె.

నేను మూటలు నెత్తినెట్టుకుని మలుపు తిరిగేసరికి చప్పుడు వినిపించింది. లారీలు రాళ్లు దింపుతున్నట్టు వచ్చింది. తర్వాత మా ఇళ్ల వరుస లేదు. ఏరూ లేదు. అంతా ఒకటే బూడిద, ఇళ్లంత బండలు. కిందటి వారం దాకా తవ్వాను. చేతికి పిల్ల చెప్పు కూడా దొరకలేదు. సమాధి కట్టడానికి నా దగ్గర ఏమీ లేదు ఇసింగ్.

ఇప్పుడు అసలు సంగతి. చాలామందిని చంపిన తుఫాను పేరు జాబితాలోంచి కొట్టేస్తారని ఇక్కడ రేడియోలో అన్నారు. సెలింగ్ పేరు కూడా కొట్టేస్తారట. అది జరగనివ్వకు. నాకు మిగిలింది ఆ పేరొక్కటే. నాలుగేళ్లకోసారైనా దేశమంతా దాన్ని పలుకుతుంది, నేను రేడియో పక్కన కూర్చుని వింటాను. నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఇదొక్కటి చెయ్యి. ఇంకేమీ అడగను.

దులో

*

క్వెజోన్ సిటీ
ఫిబ్రవరి

అన్నయ్యా,

నీ చేతిరాత కవరు మీద చూసి మెట్ల మీదే చింపి చదివాను.

నువ్వు విన్నది నిజమే. పేరు కొట్టేయమని అవతలి వాలు ఊళ్ల తల్లులు సంతకాలు చేసి పంపారు. మళ్లీ ఆ పేరు రేడియోలో వింటే తట్టుకోలేమని రాశారు. పెద్దాఫీసరు ఆ కాగితాలు నా బల్ల మీదికే పంపారు, బికోల్ నాది కాబట్టి. ఉంచాలా తీయాలా అన్నది ముందు నేను రాస్తే, మిగతావాళ్లు దాని మీద సంతకం పెడతారు.

ఆ కాగితాల్లో ప్రతిచోటా సెలింగ్ అనే ఉంది. సెలింగ్ మా ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయింది. సెలింగ్ మా అమ్మని చంపింది. చదవలేక మూసేశాను. వాళ్లకి తెలియదు పాపం, లంచ్ డబ్బా బురదలో పడేసిన పిల్ల పేరు అది అని.

నువ్వు అడిగావు కాబట్టి ఉంచమనే రాస్తాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఏదో ఒకటి చెబుతాను. నీకు ఒకసారి జవాబు రాయకపోవడం చాలు నాకు.

వదిన ఏమంటోంది? ఆమె మాట నువ్వేమీ రాయలేదు.

ఇసింగ్

*

శిబిరం
మార్చి

ఇసింగ్,

లుమెన్ ఏమీ అనదు. అదే కష్టం.

ఇక్కడ బియ్యం క్యూలో నిలబడితే చాలు, ముందొకరు వెనకొకరు. "ఆ సెలింగ్ ముండ నా కొడుకుని మింగేసింది." "సెలింగ్ నాశనమైపోను." మేం తినే అన్నంలో కూడా అదే మాట. ఒకరోజు ఆగలేక ఒకడి చొక్కా పట్టుకున్నాను. వాడికి ఎందుకో అర్థం కాలేదు. వాడి పెళ్లాం పోయింది, వాడు తన బాధ చెప్పుకుంటున్నాడు. వదిలేసి వచ్చాను.

పోయిన వాళ్లందరికీ కలిపి ప్రార్థన పెట్టారు. పేర్లు చదివే ముందు ఫాదర్ గారు నన్ను పక్కకి పిలిచారు. "దులో, ఏమీ అనుకోకు. మార్సెలీనా అని చదువుతాను. ఆ ముద్దుపేరు వింటే జనం గొల్లుమంటారు" అన్నారు. మార్సెలీనా అని చదివారు. మార్సెలీనా ఎవరు? ఆ పేరుతో దాన్ని ఎవరు పిలిచారు? నా పక్కన ఎవరో తెలియని పిల్ల కోసం దండం పెట్టినట్టు పెట్టాను.

అందుకే ఉంచమంటున్నాను. వీళ్లంతా ఆ పేరుని బూతు చేసేశారు. కొట్టేస్తే బూతుగానే మిగిలిపోతుంది. మళ్లీ ఒకసారి రావాలి, చిన్నగా వచ్చి, బడికి సెలవిచ్చి పోవాలి. అప్పుడు అందరూ మంచిగా అనుకుంటారు. నా మాట తప్పా?

దులో

*

శిబిరం
మార్చి, పై ఉత్తరం వేసిన వారానికి

ఇసింగ్,

పోయిన ఉత్తరానికి ఇంకా జవాబు రాసి ఉండకపోతే రాయకు. ముందు ఇది చదువు.

నిన్న సాయంత్రం లుమెన్ కొబ్బరిపాలలో చేమాకు వండింది. పిల్ల పోయాక అది వండటం ఇదే మొదలు. దానికి ఇష్టమని నీకు తెలుసు. గిన్నె దించి, చేతులు తుడుచుకుంటూ డేరా బయటికి వెళ్లింది. సాలోగన్‌లో వాకిట్లో నిలబడి పిలిచేదే, అలాగే పిలిచింది.

"సెలింగ్, ఏయ్ సెలింగ్, వచ్చె!"

మరిచిపోయింది ఇసింగ్. చేయి అలవాటుకి మరిచిపోయింది, నోరు అలవాటుకి మరిచిపోయింది.

పిల్లని వచ్చెయ్ అంటే, తుఫాను వచ్చె అని విని వరుసంతా లేచింది. నీళ్ల పంపు దగ్గర ఆడుకుంటున్న పిల్లలు కెవ్వుమన్నారు. ఒకామె చంటిదాన్ని చంకనేసుకుని, ఉడికే అన్నం తన్నేసి, గట్టు మీదికి పరిగెత్తింది. "వచ్చిందంట, మళ్లీ వచ్చిందంట" అని ఒకరికొకరు అరుచుకుంటున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. నాలుగేళ్ల పిల్లాడొకడు డేరా గుంజ పట్టుకుని ఉచ్చ పోసుకుని అలాగే నిలబడ్డాడు.

లుమెన్ వాణ్ణి చూసింది. తర్వాత నన్ను చూసింది. "మన పిల్లని చూసి పిల్లలు జడుసుకుంటున్నారు" అంది. లోపలికి వచ్చి పడుకుంది. గిన్నె ముట్టుకోలేదు.

గట్టు మీదికి పారిపోయిన ఆమె చీకటిపడ్డాక చంటిదాన్నేసుకుని వచ్చింది. ఎవరో చెప్పి ఉంటారు. గుమ్మంలో కూర్చుంది. "మీ అమ్మాయి పేరని నాకు తెలియదు అక్కా. రోజూ తిట్టుకున్నాను" అంది. లుమెన్ లేచి ఆమెకి అన్నం పెట్టింది. ఆ చేమాకు కూరే పెట్టింది. ఆమె అన్నం మొత్తం నేలపాలు చేసుకుంది కదా, మా ఇంటి మూలంగా.

ఈ పొద్దున్నించీ మా వరుసలో ఎవరూ తుఫానుని పేరుపెట్టి అనడం లేదు. ఆ వాన అంటున్నారు. ఆ రోజు అంటున్నారు. నన్ను చూసి మాట మింగుతున్నారు.

నేను నీకు రాసినవన్నీ తిరగేసి ఆలోచించాను. నాలుగేళ్ల తర్వాత వచ్చేది చిన్నదే అవుతుందని నాకెవరు చెప్పారు? నువ్వే చెప్పలేవు. దాని పేరుతో ఇంకో తండ్రి బూడిద తవ్వాలా? ఆ పిల్లాడు మళ్లీ గుంజ పట్టుకోవాలా? నాకు నా కూతురి పేరు కావాలి. తుఫాను పేరు కాదు. ఇన్నాళ్లూ ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

కొట్టేయమని రాయి. నీ చేత్తోనే రాయి. వేరేవాళ్ల చేతిలో పెట్టకు.

దులో

*

క్వెజోన్ సిటీ
ఏప్రిల్

అన్నయ్యా,

రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. సెలింగ్ ఇక ఏ తుఫానుకీ పేరు కాదు. ఎస్ అక్షరానికి కొత్త పేరు కావాలన్నారు. మనుషుల పేరు వద్దు, పిల్లల పేరు అసలే వద్దు అని పట్టుబట్టాను. ఏదో చెట్టు పేరు పెట్టారు.

నీకు చెప్పని మాట ఒకటుంది. చెప్పకుండా ఉంటే బాగుండును, కానీ ఇక నీ దగ్గర ఏమీ దాచుకోలేను.

ప్రతి తుఫానుకీ చివర ఒక సూచన చదువుతాం. అది మన హద్దు దాటిపోయాక. సిగ్నల్ తగ్గించిన మర్నాటి ఉదయం సాలోగన్ సంగతి ఇంకా మాకు అందలేదు. ఫోన్లు పడిపోయాయి. పిల్ల బడిలో టీచరు రేడియో పక్కన కూర్చుని ఉంటుందనుకున్నాను. తను అడిగింది కదా అని ఒక్కో మాటా ఆపి ఆపి చదివాను. సెలింగ్ మన ప్రాంతం దాటి వెళ్లిపోయింది. సెలింగ్ గురించి ఇదే మా ఆఖరి సూచన. పక్కనున్న ఆయన నవ్వి, ఇంత మెల్లగా ఎప్పుడూ చదవలేదే అన్నాడు. మా మేనకోడలు వింటోందండీ అన్నాను.

ఇసింగ్

*

కొత్త కాలనీ
అక్టోబరు

చెల్లీ,

ఇల్లు ఇచ్చారు. రేకుల కప్పు, ఒక గది, వంటకి చిన్న చావడి. కొండకి దూరం, ఏటికి దూరం. మబ్బు లేని రోజున మాయోన్ కనిపిస్తూనే ఉంటుంది. అంత అందంగా ఉండి ఇంత పని చేసిందేమిటా అనిపిస్తుంది. లుమెన్ అటు వైపు కిటికీ తెరవదు, నేను తెరుస్తాను, రోజూ ఇదే పేచీ. నువ్వు క్రిస్మస్‌కి వస్తే నీ చేతికి కాఫీ గ్లాసు తనే సరిగ్గా ఇస్తానంది. అలాగే రాయమంది.

ఈ ఏడాది తుఫాన్లు నాలుగు వచ్చాయి మా వైపు. నీ గొంతు విన్నాం. ఇప్పుడు ముందు వాన సంగతి చదివి, తర్వాత సిగ్నల్ చదువుతున్నావు. ఇక్కడి వాళ్లంతా గమనించారు. సిగ్నల్ తీసినా ఏటి వైపు ఎవరూ కదలడం లేదు, నేను కదలనివ్వను. నన్ను సిగ్నల్ ముసలాడు అంటున్నారు. అననీ.

నిన్న సాయంత్రం మాట చెప్పి ముగిస్తాను. వాకిట్లో పిల్లలు ఆడుతున్నారు, ఆ గుంజ పట్టుకున్న వాడు కూడా ఉన్నాడు. వాళ్లది మా ఎదురిల్లే. లుమెన్ అన్నం దించింది. గుమ్మంలోకి వచ్చింది. ఈసారి మరిచిపోయి కాదు, తెలిసే. చేతులు తుడుచుకుని, గొంతెత్తి పిలిచింది.

"సెలింగ్, ఏయ్ సెలింగ్, వచ్చె!"

ఎవరూ జడుసుకోలేదు. ఆ పిల్లాడు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ గోలీల్లో పడ్డాడు. ఎవరో తల్లి ఎవరో పిల్లని అన్నానికి పిలుస్తోంది, అంతే.

మేమిద్దరం గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాం. ఎవరూ రాలేదు.

మీ దులో